రెండు జనరేటర్లు కలిపి నడపాలంటే ఏ కంట్రోలర్ కొనాలి?

భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నడిపే ఒకాయన ఈమధ్య ఫోన్ చేశారు. వాళ్ల దగ్గర 500 కేవీఏ జనరేటర్ పదేళ్లుగా నడుస్తోంది. ఫ్రీజర్లు పెంచారు, అది చాలడం లేదు, కొత్తగా 250 కేవీఏది కొంటున్నారు. “రెండూ కలిపి నడపాలండీ. డీఎస్ఈ మాడ్యూల్ పెట్టమంటారా, కామ్యాప్ పెట్టమంటారా? ప్యానెల్ వాళ్లు ఒకరు ఇదంటారు, ఒకరు అదంటారు” అన్నారు. ఆ రెండూ జనరేటర్లను కలిపి నడిపే కంట్రోలర్ల కంపెనీలు. “ముందు పాత సెట్‌కి ఉన్న గవర్నర్ ఏదో, ఆల్టర్నేటర్‌లో ఏవీఆర్ ఏ మోడలో చూసి ఫోటో పంపండి” అన్నాను. ఆయన కాస్త నీరుగారిపోయారు. టీవీ ఏ కంపెనీది కొనాలని అడిగితే ఇంటి గోడ చూపించమన్నట్టు ఉందేమో.

కానీ సంగతి అదే. సింక్రొనైజింగ్ మాడ్యూల్ అనేది మెదడు మాత్రమే. అది చెప్పిన మాట వినే చేతులు ఇంజిన్ మీద వేగం చూసే గవర్నర్, ఆల్టర్నేటర్ లోపల వోల్టేజీ చూసే ఏవీఆర్, ప్యానెల్‌లో సెట్‌ని లోడుకి కలిపే బ్రేకర్. ఈ మూడూ మాట వినకపోతే ఎంత ఖరీదైన మాడ్యూల్ పెట్టినా అలారం చూపించడం తప్ప చేసేదేమీ ఉండదు. నేను చూసిన సింక్ ప్యానెల్ గొడవల్లో ఎక్కువ భాగం మాడ్యూల్ కంపెనీకి సంబంధం లేనివే.

అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. మీకు అసలు సింక్, అంటే రెండు సెట్లనీ కలిపి ఒకే లోడు మోయించడం, కావాలా? లోడును రెండు భాగాలు చేయగలిగితే, అంటే కంప్రెసర్లన్నీ ఒక సెట్ మీద, ఐస్ ప్లాంటూ ఆఫీసూ లైట్లూ ఇంకో సెట్ మీద పెట్టగలిగితే, రెండు బస్‌బార్లు (సెట్ల కరెంటు వచ్చి చేరే కడ్డీలు), మధ్యలో రెండు సెట్లూ ఒకేసారి కలవకుండా ఇంటర్‌లాక్ ఉన్న కప్లర్ స్విచ్ చాలు. చవక, పాడైతే మీ ఎలక్ట్రీషియనే బాగుచేస్తాడు. ఏ ఒక్క సెట్టూ మోయలేని పెద్ద లోడు ఉన్నప్పుడు సింక్ తప్పదు. సీజన్‌ని బట్టి, పగలూ రాత్రిని బట్టి లోడు బాగా ఎక్కి దిగుతున్నప్పుడు లాభిస్తుంది. ఒక సెట్ ఆగినా ఆసుపత్రి ఐసీయూ ఆగకూడదు అన్నచోటా పెట్టాల్సిందే. మా రొయ్యల ఆయనది రెండో రకం. సీజన్‌లో ప్లాంటు మొత్తం నడుస్తుంది, సీజన్ అయిపోయాక కోల్డ్ స్టోరేజీ ఒక్కటే. అప్పుడు 250 సెట్ ఒక్కటి సరిపోతుంది. దానికోసం 500 సెట్‌ని పావు లోడు మీద నడిపితే డీజిల్ దండగ, ఇంజిన్‌కీ చేటు.

జోడెద్దుల లెక్క

కాడికి కట్టిన రెండెద్దులూ ఒకే వేగంతో నడవాలి. ఒకటి ముందుకు లాగి, ఇంకోటి వెనకపడితే మొదటిది రెండోదాన్ని కూడా ఈడ్చుకుపోతుంది. జనరేటర్లూ అంతే. బస్ మీదికి వచ్చేముందు రెండో సెట్ వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ కోణం మొదటిదాంతో కలవాలి. మామూలుగా వోల్టేజీ తేడా 5 శాతం లోపు, ఫ్రీక్వెన్సీ తేడా 0.2 హెర్ట్జ్ లోపు, కోణం 10 డిగ్రీల లోపు ఉంటేనే మాడ్యూల్ బ్రేకర్ వేయనిస్తుంది. కోణం 180 డిగ్రీలు తేడా ఉండగా బ్రేకర్ పడితే కాంటాక్టుల మధ్య రెట్టింపు వోల్టేజీ ఉంటుంది. కప్లింగు విరగడం, వైండింగ్ కదలడం, అలాంటివి అప్పుడే జరుగుతాయి.

కలిసిన తర్వాత అసలు పని మొదలు. కిలోవాట్లు పంచేది ఇంజిన్, అంటే గవర్నర్. ఒక సెట్‌కి డీజిల్ కాస్త ఎక్కువ ఇస్తే వేగం పెరగదు, అది మోసే లోడు పెరుగుతుంది. కేవీఏఆర్, అంటే పని చేయకుండా అటూ ఇటూ తిరిగే రియాక్టివ్ పవర్, పంచేది ఏవీఆర్. ఒకదాని ఎక్సైటేషన్ (ఆల్టర్నేటర్ అయస్కాంత బలం) ఎక్కువైతే రెండు ఆల్టర్నేటర్ల మధ్య పనికిరాని కరెంటు తిరుగుతూ ఉంటుంది. లోడుకి వెళ్లే ఫీడర్లన్నీ ఆఫ్ చేసినా రెండు సెట్ల అమ్మీటర్లూ వంద ఆంపియర్లు చూపిస్తున్నాయంటే ఏవీఆర్ల పొత్తు కుదరలేదని అర్థం.

మాడ్యూల్ పంచేది సమానంగా కాదు, శాతం ప్రకారం. 500 కేవీఏ సెట్ 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర 400 కిలోవాట్లు, 250 కేవీఏది 200. ప్లాంటు లోడు 450 కిలోవాట్లైతే రెండూ 75 శాతం చొప్పున మోయాలి. పెద్దది 300, చిన్నది 150. ఈ శాతాన్ని మాడ్యూళ్లు తమలో తాము ఒక కేబుల్ మీద నిరంతరం చెప్పుకుంటూ, ఎక్కువ మోస్తున్నవాడిని కాస్త తగ్గు, తక్కువ మోస్తున్నవాడిని కాస్త పెంచు అని గవర్నర్లకు చిన్న సిగ్నల్ పంపుతుంటాయి.

గవర్నర్, ఏవీఆర్: ఇక్కడ ఆగి చూడండి

పాత మెకానికల్ గవర్నర్ ఉన్న ఇంజిన్ బయటి నుంచి వచ్చే సిగ్నల్ తీసుకోదు. దానికి మోటార్ తగిలించి స్పీడ్ లివర్ తిప్పించే ఏర్పాటు ఉంది కానీ నెమ్మది. లోడు ఒక్కసారి పడిపోతే మోటార్ తిరిగేలోపు రెండో సెట్ రివర్స్ పవర్ మీద (కరెంటు ఇవ్వడం మాని తీసుకోవడం మొదలై) ట్రిప్ అవుతుంది. అలాంటి సెట్‌కి ముందు యాక్చుయేటర్‌తో ఎలక్ట్రానిక్ గవర్నర్ పెట్టించండి, తర్వాతే మాడ్యూల్ మాట. ఆ ఖర్చు మాడ్యూల్ ఖర్చుతో పోటీ పడుతుంది. అయినా తప్పదు.

ఎలక్ట్రానిక్ గవర్నర్ ఉంటే దాని కార్డు మీద బయటి సిగ్నల్ తీసుకునే టెర్మినల్ వెతకండి. మన దగ్గర చాలా సెట్లలో కనిపించే జీఏసీ ఈఎస్‌డీ 5500 రకం కార్డులో అది ‘ఎన్’ అనే టెర్మినల్. ఉడ్‌వర్డ్ గవర్నర్లలో కూడా ఇలాంటి ఇన్‌పుట్ ఉంటుంది. సిగ్నల్ ఎన్ని వోల్టులు, ఎక్కడ మధ్యబిందువు, పెరిగితే వేగం పెరుగుతుందా తగ్గుతుందా, ఈ మూడూ కార్డుని బట్టి మారతాయి. అందుకే మాడ్యూల్ అమ్మేవాళ్లకి మోడల్ నంబర్ ముందే చెప్పాలి.

కొత్త సెట్లతో ఈ బాధ తక్కువ. 2023 జులై 1 నుంచి వచ్చిన సీపీసీబీ 4 ప్లస్ (జనరేటర్ పొగ కాలుష్యం) నిబంధనల తర్వాత, 800 కిలోవాట్ల లోపు కొత్త సెట్లలో ఎక్కువ వాటికి ఈసీయూ అనే కంప్యూటర్ ఉన్న కామన్ రైల్ ఇంజిన్లే వస్తున్నాయి. వేగం మార్చమని చెప్పడానికి వేరే సిగ్నల్ వైరు అక్కర్లేదు, క్యాన్ అనే డేటా కేబుల్ మీద జే1939 భాషలో సందేశం చాలు. ఇక్కడ చిక్కు ఇంకోటి. మీ మాడ్యూల్‌కి ఆ ఇంజిన్ ఈసీయూ భాష రావాలి. ఎగ్జాస్టు శుభ్రం చేసే ఎస్‌సీఆర్, దానికి పోసే ద్రవం డీఈఎఫ్ ట్యాంకు హెచ్చరికలు తెరమీద చూపించగలగాలి. పాత స్టాకు మాడ్యూల్ తక్కువకి వస్తోందని కొంటే వేగం మారుస్తుంది కానీ ఎగ్జాస్టు శుభ్రం చేసే వ్యవస్థ ఏమంటోందో చెప్పదు. చివరికి ఇంజిన్ తనంతట తాను పవర్ తగ్గించుకుని కూర్చుంటుంది.

ఏవీఆర్ సంగతి చాలామంది మర్చిపోతారు. చిన్న సెట్లలో వచ్చే స్టాంఫర్డ్ ఎస్ఎక్స్ 460 లాంటి సాదా ఏవీఆర్‌లో డ్రూప్ సీటీ (కరెంటు కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, డ్రూప్ సంగతి కిందనే చెప్తాను) కలిపే టెర్మినళ్లే లేవు. అదే కంపెనీ ఏఎస్ 440లో ఎస్1, ఎస్2 అని సీటీకి, ఏ1, ఏ2 అని బయటి సిగ్నల్‌కి చోటు ఉంటుంది. పీఎంజీతో (ఏవీఆర్‌కి కరెంటు ఇచ్చే చిన్న అయస్కాంత జనరేటర్) వచ్చే ఎంఎక్స్ 341 కూడా ప్యారలల్‌కి పనికొస్తుంది. మా భీమవరం ఆయన ఫోటోలు పంపాక తేలిందేమంటే, గవర్నర్ ఎలక్ట్రానిక్, ఏవీఆర్ కూడా సింక్‌కి తగినదే. కానీ డ్రూప్ సీటీ అసలు బిగించలేదు. పదేళ్ల క్రితం ఒంటరి సెట్‌గా కొన్నారు కదా, ఎవరూ పెట్టలేదు. అది ఇప్పుడు పెట్టించాలి. మాడ్యూళ్ల మధ్య కేబుల్ తెగిన రోజు డ్రూప్ ఒక్కటే కాపాడుతుంది.

డ్రూప్ అంటే లోడు ఎక్కే కొద్దీ వేగాన్ని, వోల్టేజీని కొద్దిగా వదులుకోవడం. 4 శాతం పెడితే ఖాళీగా 52 హెర్ట్జ్ ఉన్న సెట్ పూర్తి లోడు మీద 50కి దిగుతుంది. మాడ్యూళ్లు మంచిగా ఉన్నంతకాలం ఇది అక్కర్లేదు, ఎంత లోడైనా 50 దగ్గరే నిలుపుతాయి. కేబుల్ పోయినప్పుడు మాడ్యూల్ డ్రూప్‌కి మారగలదా అన్నది కొనేముందు అడగాల్సిన ప్రశ్న.

ఎంసీసీబీతో సింక్ చేయొద్దు

ఇది చిన్న లెక్క. ఫ్రీక్వెన్సీ తేడా 0.2 హెర్ట్జ్ ఉంటే రెండు సెట్ల మధ్య కోణం సెకనుకు 72 డిగ్రీలు తిరుగుతుంది. మాడ్యూల్ ఆర్డర్ ఇచ్చాక ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) 70 మిల్లీసెకన్లలో మూసుకుంటే ఈలోగా కోణం 5 డిగ్రీలు కదులుతుంది. ఆ సమయాన్ని మాడ్యూల్‌లో నమోదు చేస్తే అది ముందే లెక్కేసి ఆర్డర్ ఇస్తుంది. అదే సాదా మోటార్ పెట్టిన ఎంసీసీబీ (మోల్డెడ్ కేస్ బ్రేకర్) అర సెకను తీసుకుంటే? 36 డిగ్రీలు. పైగా ప్రతిసారీ అదే అర సెకను తీసుకుంటుందన్న భరోసా లేదు, గ్రీజు ఎండితే ఇంకా ఆలస్యం. స్ప్రింగు ఛార్జింగ్ మోటార్, క్లోజింగ్ కాయిల్ ఉన్న ఏసీబీ పెట్టండి. 500 కేవీఏ సెట్‌కి 415 వోల్టుల దగ్గర పూర్తి కరెంటు సుమారు 696 ఆంపియర్లు, కాబట్టి 800 ఆంపియర్ల ఏసీబీ. 250 కేవీఏకి 348 ఆంపియర్లే. అక్కడే ప్యానెల్ వాళ్లు ఎంసీసీబీ పెట్టి పొదుపు చేద్దామంటారు. ఆ పొదుపు ఒప్పుకోకండి.

ఇప్పుడు మాడ్యూళ్లు

మార్కెట్లో దొరికేవాటిని నాలుగైదు తెగలుగా చూస్తాను.

పాత పద్ధతి, అంటే సింక్రోస్కోపు లేదా మూడు దీపాలు చూసి చేత్తో బ్రేకర్ వేసి, డ్రూప్ మీద లోడు పంచుకోవడం. చక్కెర మిల్లుల్లో అనుభవం ఉన్న ఆపరేటర్లు ఇప్పటికీ అవలీలగా చేస్తారు. ఇరవై నాలుగు గంటలూ మనిషి లేనిచోట మాత్రం ఈ ఆలోచన వదిలేయండి.

రెండోది అనలాగ్ లోడ్ షేరింగ్. ఉడ్‌వర్డ్ 2301ఏ గవర్నరు, దానికి తోడు ఎస్‌పీఎం-ఏ సింక్రొనైజరు. లేదా జీఏసీ వాళ్ల లోడ్ షేరింగ్, సింక్ మాడ్యూళ్లు. సెట్ల మధ్య రెండు వైర్లు, వాటిమీద 0 నుంచి 3 వోల్టుల డీసీ, అదే వాళ్ల భాష. నాకు వీటిమీద గౌరవం ఉంది. ఇరవై ఏళ్లు దాటినవి ఇంకా నడుస్తున్నాయి. అయితే ఒక్కో పనికి ఒక్కో డబ్బా కావాలి, అన్నింటి మధ్య వైరింగ్ కావాలి, స్క్రూ తిప్పి సెట్ చేసే చేయి కావాలి. ఆ చేయి తిరిగిన మనుషులు రిటైరవుతున్నారు. మీ దగ్గర ఉన్న సెట్లలో ఇవి ఉండి, మూడో సెట్ కలుపుతున్నట్టయితే అదే తెగ కొనసాగించడం సబబే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి వద్దంటాను.

మూడోది ప్యానెల్ వాళ్లు సొంతంగా పీఎల్‌సీ (ప్రోగ్రామ్ రాసుకునే పారిశ్రామిక కంట్రోలర్), మల్టీఫంక్షన్ మీటర్లు, చెక్ సింక్ రిలే కలిపి చేసేది. హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల వైపు మంచి పనిమంతులున్నారు, కొందరి పీఎల్‌సీ పని చూస్తే ముచ్చటేస్తుంది. సెట్లు, ఫీడర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు బోలెడు ఉండి ఏ క్రమంలో ఏది ఆన్ కావాలో పేజీలకు పేజీలు షరతులున్న చోట పీఎల్‌సీ తప్పదు. రెండు మూడు సెట్లకి మాత్రం ఇది మెడకు గుదిబండ. ప్రోగ్రామ్ రాసిన అబ్బాయి ఉద్యోగం మారితే మీ ప్యానెల్ అనాథ. మీటర్ నుంచి మోడ్‌బస్ మీద కిలోవాట్లు చదివి లోడు పంచే పద్ధతిలో స్పందన కూడా నెమ్మదే.

నాలుగోది ఇంజిన్ కంపెనీ సొంత కంట్రోలర్. కమిన్స్ పవర్‌కమాండ్ 3.3, క్యాటర్‌పిల్లర్ ఈఎంసీపీ 4.4. ఇవి సెట్‌తోనే వస్తాయి, సింక్, లోడ్ షేరింగ్ లోపలే ఉంటాయి, గవర్నర్, ఏవీఆర్ వాటికి ముందే తెలుసు. సెట్లన్నీ ఒకే కంపెనీవి, అన్నీ కొత్తవి అయితే వేరే మాడ్యూల్ కోసం వెతకడం అనవసరం. రేపు ఇంకో కంపెనీ సెట్ కలపాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇబ్బంది పడతారు.

ఐదోది, ఎక్కువమంది కొనేది, అన్నీ ఒకే డబ్బాలో ఉన్న డిజిటల్ కంట్రోలర్. సెట్‌కి ఒకటి. ఇంజిన్ స్టార్టు, రక్షణ, సింక్, లోడ్ షేరింగ్ అన్నీ అదే చేస్తుంది. ఇందులోనే మన పోటీ.

ఇంగ్లండ్ యార్క్‌షైర్‌లో తయారయ్యే డీఎస్ఈ మన దగ్గర అందరికీ తెలిసిన పేరు. సెట్ల మధ్య సింక్‌కి 8610, ఈబీతో, అంటే బయటి కరెంటు సరఫరాతో, ఒకే సెట్ కలపడానికి 8620, చాలా 8610లతో ఈబీని కలపడానికి 8660. ఒక బస్ మీద 32 సెట్ల వరకు. 7320 అనేది ఏఎంఎఫ్ (కరెంటు పోతే సెట్‌ని దానంతట అదే స్టార్టు చేసేది) మాత్రమే, సింక్ చేయదు. “మా దగ్గర డీఎస్ఈ ఆల్రెడీ ఉంది కదండీ” అనేవాళ్లు ముందు ఆ నంబర్ చూసుకోండి. దీని బలం తెలిసినవాళ్లు ఎక్కువ ఉండటం. సెట్టింగులు చదవగానే అర్థమవుతాయి, కాన్ఫిగరేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండు మూడు సెట్లున్న ఆసుపత్రి, కోల్డ్ స్టోరేజీ, అపార్ట్‌మెంట్లకి నా మొదటి మాట ఇదే.

కామ్యాప్ ప్రాగ్ నగరానిది, 1991 నుంచి ఉంది. ఇంటెలిజెన్, ఈబీ వైపు ఇంటెలిమెయిన్స్. లోపలే పీఎల్‌సీ లాజిక్ రాసుకునే వెసులుబాటు దీనిలో బాగుంటుంది. గ్యాస్ ఇంజిన్లు, రకరకాల సెట్ల పొత్తు, ఎక్కడో కూర్చుని చూసుకోవడం, ఇలాంటివి కావాలంటే ఇది ఒక మెట్టు పైన. అదే దాని చిక్కు కూడా. సెట్టింగులు ఎక్కువ, తెలియనివాడి చేతిలో పడితే కొండవీటి చేంతాడు. మీ ఊరి దరిదాపుల్లో కామ్యాప్ తెలిసిన ఇంజినీరు ఉంటే ధైర్యంగా తీసుకోండి.

ఉడ్‌వర్డ్ ఈజీజెన్ 3000 తరగతి, డెన్మార్క్ డైఫ్ ఏజీసీ రెండూ పెద్ద పనులవి. బస్ కప్లర్లు, రెండు మూడు ఇన్‌కమర్లు (బయటి సరఫరా వచ్చే లైన్లు), గంటల తరబడి ఈబీతో కలిసి నడపడం ఉన్నచోట వీటికి తగ్గ పని దొరుకుతుంది. ఉడ్‌వర్డ్‌లో బ్రేకర్ల కోసం ఎల్‌ఎస్ రకం మాడ్యూళ్లు వేరే ఉన్నాయి, డైఫ్‌కి ఓడల రంగంలో మంచి పేరు. రెండు సెట్ల ప్లాంటుకి ఇవి పెట్టడం తప్పు కాదు, అవసరం లేదంతే.

చైనా స్మార్ట్‌జెన్, టర్కీ డేటాకామ్ తక్కువ ధరకి వస్తాయి. వీటిని నేను తీసిపారేయను. సింక్ చేస్తాయి, లోడు పంచుతాయి. స్పేర్ మాడ్యూల్ ఒకటి అలమారాలో పెట్టుకుంటే మంచిది. అప్పుడు ధర తేడా ఎంత మిగిలిందో మళ్లీ లెక్కేసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఒక కంపెనీ మాడ్యూల్ ఇంకో కంపెనీ మాడ్యూల్‌తో మాట్లాడదు. రెండూ క్యాన్ కేబులే వాడినా ఎవరి భాష వాళ్లది. పాత సెట్‌కి కామ్యాప్ ఉండి, కొత్త సెట్‌తో డీఎస్ఈ వస్తోందంటే, రెండింటినీ కలపడానికి మధ్యలో అనలాగ్ మార్గమో, అదనపు పరికరాలో వెతుక్కోవాలి. అది ఎప్పుడూ కుంటినడకే. ఒక మాడ్యూల్ పక్కన పెట్టేసి రెండూ ఒకటే చేసుకోండి. సెట్ అమ్మేవాడు “మా సెట్‌తో వచ్చేది ఇదే” అంటే, ఆ మాడ్యూల్ తీసి ఇవ్వమని ధర తగ్గించమనండి.

కరెంటు పోయిన తొలి పది సెకన్లు

రెండు సెట్లూ ఒకేసారి స్టార్టు అవుతాయి. బస్ మీద ఇంకా ఏమీ లేదు. రెండూ ‘బస్ ఖాళీ’ అనుకుని ఒకే క్షణంలో బ్రేకర్ వేస్తే? సింక్ లేకుండా రెండు సెట్లు కలిసినట్టే. మంచి కంట్రోలర్లు కేబుల్ మీద ఒకరినొకరు అడిగి, ఒక్కదానికే ముందు అనుమతి ఇస్తాయి. చవక మాడ్యూల్, పీఎల్‌సీ ప్యానెల్ అమ్మేవాడిని ఈ ఒక్క ప్రశ్న అడగండి, అతని అనుభవం తెలిసిపోతుంది.

ఆసుపత్రి వాళ్లకి ఇక్కడే ఇంకో లెక్క. మొదటి సెట్ పది సెకన్లలో బస్ ఎక్కుతుంది, రెండోది మరికొన్ని సెకన్లకి. మొదటిది ఎక్కిన వెంటనే మొత్తం లోడు దానిమీద పడితే చతికిలపడుతుంది. కాబట్టి ముందు ఓటీ, ఐసీయూ, లిఫ్టు. రెండో సెట్ కలిశాకే ఏసీ ప్లాంటు. నడుస్తుండగా ఒక సెట్ ట్రిప్ అయితే కూడా ఇదే గొడవ. సమానమైన రెండు సెట్లు 70 శాతం చొప్పున మోస్తుంటే మిగిలినదాని మీద 140 శాతం పడుతుంది. అవసరం లేని ఫీడర్లను అప్పటికప్పుడు కోసేసే లోడ్ షెడ్డింగ్ అవుట్‌పుట్లు మాడ్యూల్‌లో ఎన్ని ఉన్నాయి, ప్యానెల్‌లో వాటికి వైరు వేశారా, చూసుకోండి. మాడ్యూల్‌లో ఉండి ప్యానెల్‌లో వైరు లేని సౌకర్యాలు నేను ఎన్నో చూశాను.

ఈబీతో కలపడం, సోలార్

కరెంటు తిరిగొచ్చినప్పుడు దీపం మిణుకుమనకుండా మారాలని కొందరు ఈబీతో కూడా సింక్ అడుగుతారు. డిస్కం అనుమతి కావాలి, సీఈఐజీకి (ప్రభుత్వ చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్) డ్రాయింగులు పెట్టాలి, గ్రిడ్ పోయిన క్షణాన్ని కనిపెట్టే రోకాఫ్, వెక్టర్ షిఫ్ట్ రక్షణలు మాడ్యూల్‌లో ఉండాలి. రెండు సెకన్ల అంతరాయాన్ని యూపీఎస్ మోస్తుంటే ఈ తలనొప్పి ఎందుకు?

సోలార్ ఉంటే మాత్రం ముందే చెప్పండి. పైకప్పు ప్యానెళ్లు జనరేటర్ బస్ మీద కూడా పనిచేసేలా పెడితే మిట్టమధ్యాహ్నం సోలార్ ఎక్కువై, సెట్ల మీద లోడు 30 శాతం కంటే దిగిపోతుంది. ఇంకా దిగితే రివర్స్ పవర్ ట్రిప్. సోలార్ ఇన్వర్టర్లను తగ్గించమని చెప్పే కంట్రోలర్ కావాలి. డైఫ్ వాళ్ల ఏఎస్‌సీ ఇందుకే ఉంది. సోలార్ వాళ్లూ జనరేటర్ వాళ్లూ ఒకరి మీద ఒకరు చెప్పుకోకముందే ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

పిన్ ఎవరి దగ్గరుంది?

మూడేళ్ల క్రితం ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. రెండో సెట్ బస్ ఎక్కగానే రివర్స్ పవర్ ట్రిప్. అప్పటికే ఎవరో మాడ్యూల్ పాడైందని రెండుసార్లు మార్చారు. లాప్‌టాప్ కలిపితే పాస్‌వర్డ్ అడిగింది. ప్యానెల్ చేసిన సంస్థ మూతపడింది, పిన్ ఎవరికీ తెలియదు. చివరికి తలుపు తీసి వైర్లు చూస్తే, రెండు సీటీలకి ఎస్1, ఎస్2 అటూ ఇటూ మారాయి. సెట్ లోడు మోస్తుంటే మాడ్యూల్‌కి అది లోడు లాక్కుంటున్నట్టు కనిపించింది. అరగంట పనికి రెండు మాడ్యూళ్ల డబ్బు పోయింది. పిన్ తెలిసి ఉంటే ఫేజుల వారీగా కిలోవాట్లు చూసి మొదటి రోజే పట్టేసేవాళ్లం.

అందుకే కొనుగోలు ఆర్డర్‌లోనే రాయించండి. పిన్ మీకివ్వాలి, చివరి సెట్టింగుల ఫైలు మీకివ్వాలి, అసలు కట్టినట్టున్న వైరింగ్ డ్రాయింగు ఇవ్వాలి. మాడ్యూల్ కాలిపోయినా ఫైలు ఉంటే కొత్తదానిలో ఎక్కించి గంటలో లేపొచ్చు. నన్నడిగితే మాడ్యూల్ కంపెనీ పేరు కంటే దీనికే ఎక్కువ విలువ.

న్యూట్రల్ సంగతి క్లుప్తంగా. రెండు ఆల్టర్నేటర్ల వైండింగ్ పిచ్ (తీగచుట్టల వెడల్పు) వేరైతే న్యూట్రల్‌లో మూడో హార్మోనిక్ కరెంటు తిరుగుతుంది. రెండూ 2/3 పిచ్ అయితే మంచిది, కాకపోతే ఒక్క న్యూట్రల్ మాత్రమే బస్‌కి కలిసేలా కాంటాక్టర్ పెట్టించండి.

ప్యానెల్ అప్పగించే రోజు ఇంజినీరు ఖాళీ లోడు మీద సింక్ చేసి చూపించి సంతకం అడుగుతాడు. చేయకండి. అసలు ప్లాంటు లోడు మీద రెండు సెట్లూ నడుస్తుండగా పెద్ద కంప్రెసర్ ఒకటి స్టార్టు చేయించండి, శాతాలు మళ్లీ కలవడానికి ఎంతసేపు పడుతోందో చూడండి. ఒక సెట్‌ని నడుస్తుండగానే ఆపించండి. మాడ్యూళ్ల మధ్య కేబుల్ పీకించండి, డ్రూప్ మీద నిలబడుతున్నాయా? రివర్స్ పవర్ సెట్టింగు ఎంత పెట్టారో అడగండి. డీజిల్ సెట్‌కి 8 నుంచి 15 శాతం మధ్య, కొన్ని సెకన్ల ఆలస్యంతో ఉంటే సరే.

భీమవరం ఆయన చివరికి రెండు సెట్లకీ డీఎస్ఈ 8610 తీసుకున్నారు. కొత్త సెట్‌తో వచ్చిన మాడ్యూల్ వెనక్కిచ్చేశారు, పాతదానికి డ్రూప్ సీటీ, రెండింటికీ ఏసీబీ. పరీక్ష రోజు కేబుల్ పీకితే ఫ్రీక్వెన్సీ 50.6కి వెళ్లి నిలబడింది, రెండూ ట్రిప్ కాలేదు. పిన్ ఆయన డైరీలో రాసుకున్నారు, ఫైలు రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టుకున్నారు. ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి ప్యానెల్ తలుపు లోపల కవర్లో అతికించి.